మూలపడిన స్పార్క్‌స్టేషన్ లేవకపోతే ఏం చేయాలి

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1994లో విడుదల చేసిన స్పార్క్‌స్టేషన్ 5 అనే వర్క్‌స్టేషన్‌ను, అంటే సాంకేతిక పనులకు వాడే శక్తిమంతమైన కంప్యూటర్‌ను, దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. చూడటానికి వంటింటి పీటలాగా పలచగా, చతురస్రంగా ఉండే ఈ యంత్రం నాకు నల్లగొండలో పాత ఇనుప సామాను కొనే ఒకాయన దగ్గర, తుప్పు పట్టిన బీరువాల పక్కన కనిపించింది. ఆయన దానిని కిలోల లెక్కన తూకం వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, లోపల శుభ్రం చేశాక స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది గాని తెర మీద ఒక్క అక్షరమూ రాలేదు. చచ్చిపోయిందని నేను వారం రోజులు నమ్మిన ఆ యంత్రం నిజానికి ఆ వారమంతా బాగానే ఉంది. మీకు ఆ వారం వృథా కాకూడదని, పరీక్షలను ఏ వరుసలో చేయాలో వివరంగా చెబుతున్నాను. స్పార్క్‌స్టేషన్ 10, 20 నమూనాలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

"లేవడం లేదు" అనే ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. మొదటిది, స్విచ్ వేసినా దీపం, ఫ్యాను ఏదీ పలకకపోవడం. రెండోది, ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉండటం. మూడోది, ఏవో అక్షరాలు వచ్చి అక్కడే ఆగిపోవడం. మీ యంత్రం ఏ కోవలోనిదో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత చేసే ప్రతి పని ఫలితాన్ని దాని కిందే రాస్తూ పొండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏ మార్పు వల్ల ఏమైందో తేల్చడం ఎవరి వల్లా కాదు.

కరెంటు పెట్టకముందు

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యంత్రానికి తెచ్చిన రోజే కరెంటు ఇవ్వకండి. వర్షాకాలంలో దొరికినదైతే గాలి ఆడే గదిలో, ఎండ నేరుగా తగలని చోట నాలుగైదు రోజులు ఆరనివ్వండి. తర్వాత పై మూత తీసి, మంచి వెలుతురులో నిదానంగా చూడండి. నా యంత్రంలో పవర్ సప్లై గాలి కంతల వెనుక కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు ఉంది. ఉసిరికాయంత గూడు ఫ్యాను రెక్కకు అంటుకుని ఉంది. వెదురు పుల్లతో మెల్లగా రాలిస్తే, లోపల ఎండిపోయిన సాలీళ్లు బయటపడ్డాయి. అలాగే స్విచ్ వేసి ఉంటే ఫ్యాను తిరగక పవర్ సప్లై వేడెక్కి కాలిపోయేది. మన దగ్గర ఎలుక పెంటికలు, బల్లి గుడ్లు, ఎర్రమట్టి దుమ్ము కూడా మామూలే. వీటిలో ఎలుక మూత్రం పడిన చోటు మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది.

దుమ్మును మెత్తని కుంచెతో దులపండి. పంక్చర్ షాపులోని కంప్రెసర్ గాలి కొట్టించవద్దు, ఆ గాలితో పాటు నీటి తుంపర, నూనె కూడా వస్తాయి. చేతి బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని ఊదండి. బోర్డును తుడవడానికి కుళాయి నీరు, బోరు నీరు అసలే పనికిరావు. మన జిల్లా నీటిలోని ఫ్లోరైడ్ సంగతి, ఉప్పుల సంగతి మనకు కొత్త కాదు. ఆరిన తర్వాత కుండ అడుగున మిగిలే తెల్లని పొరే బోర్డు మీదా మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్కటే వాడండి. ఎండాకాలంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి నైలాన్ బట్టలు మాని నూలు బట్టలు వేసుకుని, బోర్డును తాకే ముందు ప్రతిసారి యంత్రపు లోహపు పెట్టెను చేత్తో తాకండి.

గోడలోని సాకెట్టును పరీక్షించండి

మన ఊళ్లలో చాలా ఇళ్లలో మూడు కంతల సాకెట్టు ఉంటుంది గాని, పైన ఉన్న పెద్ద కంతకు వెనుక తీగే ఉండదు. మల్టీమీటర్‌ను ఏసీ ఓల్టేజీలో పెట్టి ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య చూస్తే 230 ఓల్టులకు అటూ ఇటూగా రావాలి. ఫేజుకు, ఎర్తింగ్‌కు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్తింగ్‌కు మధ్య ఒకటి రెండు ఓల్టులకు మించి ఉండకూడదు. ఈ రెండో కొలత తక్కువగా వచ్చినా, నిలకడ లేకుండా ఊగినా ఎర్తింగ్ లేదని అర్థం.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇటువంటి పవర్ సప్లైలలో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తింగ్ ఉన్నప్పుడు వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తింగ్ లేనప్పుడు పెట్టె మొత్తం సగం ఓల్టేజీలో, అంటే 115 ఓల్టుల దగ్గర నిలబడుతుంది. అప్పుడు చెయ్యి పెడితే జివ్వుమంటుంది, టెస్టర్ పెడితే మసకగా వెలుగుతుంది. ఆ స్థితిలో మీరు దానికి ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపితే, రెండింటి సీరియల్ పోర్టులూ, అంటే యంత్రాలు ఒక్కొక్క అక్షరంగా మాట్లాడుకునే కనెక్టర్లు, కాలిపోయే అవకాశం ఉంది. ఎర్తింగ్ గుంత ఉన్నవారు కూడా ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి కొలిచి చూసుకోండి. రాతి నేలలో బొగ్గు, ఉప్పు వేసిన గుంత సైతం ఎండిపోతే పనిచేయదు. రెండు బిందెల నీళ్లు పోసి మరునాడు కొలిస్తే తేడా మీకే తెలుస్తుంది.

పవర్ సప్లై

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు యంత్రాన్ని నేరుగా సాకెట్టుకు పెట్టకుండా, మన టీవీ మెకానిక్కులు తరతరాలుగా వాడుతున్న సీరీస్ బల్బు బోర్డు ద్వారా ఇవ్వండి. ఫేజు తీగ దారిలో 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు ఉండాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్విచ్ వేయగానే బల్బు ఒకసారి మెరిసి తగ్గిపోతే లోపల షార్ట్ లేదని ధైర్యపడవచ్చు. నిండుగా వెలుగుతూ అలాగే ఉండిపోతే వెంటనే ఆపేయండి. అక్కడ బల్బు లేకపోయి ఉంటే ఆ కరెంటంతా పవర్ సప్లైలోనే మండి ఉండేది. ఈ పరీక్ష కొన్ని క్షణాలకే. బల్బు ఉండగా యంత్రానికి పూర్తి శక్తి అందదు కాబట్టి దానితోనే నడపాలని చూడవద్దు.

తర్వాత నేరుగా కరెంటు ఇచ్చి, మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్ దగ్గర డీసీ ఓల్టేజీలు కొలవండి. పవర్ సప్లై మీది చీటీలో ఏయే ఓల్టేజీలు రావాలో అచ్చువేసి ఉంటుంది. 5 ఓల్టుల దగ్గర 4.75 నుంచి 5.25 వరకు, 12 ఓల్టుల దగ్గర 11.4 నుంచి 12.6 వరకు ఉంటే సరిపోతుంది. కొలిచేటప్పుడు బోర్డుకు కలిపి ఉంచండి, ఎందుకంటే ఇటువంటి పవర్ సప్లైలు కొన్ని లోడు లేకుండా మొదలుకావు. దగ్గర ముక్కు పెట్టి చూస్తే చేపల వాసన వచ్చినా, కెపాసిటర్ల కింద గోధుమ రంగు జిగురు కనిపించినా ఎలక్ట్రోలైట్ కారిందని గుర్తు. అప్పుడు కెపాసిటర్లు మార్చవలసిందే.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పవర్ సప్లై డబ్బా తెరవడం అలవాటు లేనివారు దానిని తెరవవద్దు. 230 ఓల్టుల ఏసీ లోపల రెక్టిఫై అయ్యాక సుమారు 325 ఓల్టుల డీసీ అవుతుంది, పెద్ద కెపాసిటర్ ప్లగ్ పీకిన తర్వాత కూడా దానిని పట్టుకుని ఉంటుంది. మీ ఊళ్లో స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే అనుభవజ్ఞుడి దగ్గరకు తీసుకువెళ్లండి. వర్క్‌స్టేషన్ అంటే ఆయనకు తెలియకపోవచ్చు, కాని పవర్ సప్లై ఆయన రోజూ చేసే పనే.

తెరను నమ్మకండి, సీరియల్ పోర్టును నమ్మండి

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే మెమరీ పోయిందనో, ప్రాసెసర్ పోయిందనో అనుకోవడం సహజం. నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఈ యంత్రం వీడియో సంకేతాన్ని మామూలు వీజీఏ పద్ధతిలో పంపదు. దాని కనెక్టర్ 13 డబ్ల్యూ 3 అనే వేరే రకం. సాధారణంగా అది పంపే చిత్రం అడ్డంగా 1152, నిలువుగా 900 చుక్కలది, సింక్ సంకేతం కూడా వేరుగా ఉంటుంది. అడాప్టర్ పెట్టి మన ఇంట్లోని ఎల్‌సీడీ మానిటర్‌కు కలిపితే చాలా మానిటర్లు దానిని గుర్తించక నల్లగా ఉండిపోతాయి. నేను చచ్చిందనుకున్న వారమంతా యంత్రం తన పరీక్షలు తాను ముగించుకుని, నా మానిటర్‌కు అర్థం కాని భాషలో చెబుతూనే ఉంది.

కాబట్టి కీబోర్డును పూర్తిగా పీకేయండి. కీబోర్డు లేదని గమనించగానే ఈ యంత్రం తన మాటలన్నీ సీరియల్ పోర్టుకు మళ్లిస్తుంది. వెనుక ఉన్న 25 పిన్నుల పోర్టుకు మీరు కేబుల్‌ను సొంతంగా చేసుకోవచ్చు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో 25 పిన్నుల కనెక్టరు, 9 పిన్నుల కనెక్టరు దొరుకుతాయి. మూడు తీగలు చాలు. యంత్రం వైపు 2వ పిన్ను కంప్యూటర్ వైపు 2కు, 3వది 3కు, 7వది 5కు కలపాలి. 25 పిన్నుల కనెక్టర్‌లో పంపే పిన్ను 2, అందుకునే పిన్ను 3 అయితే, 9 పిన్నుల కనెక్టర్‌లో అవి తారుమారుగా ఉంటాయి. అందువల్ల తీగలు నేరుగా పోయినట్లు కనిపించినా, పంపేది అందుకునేదానికే చేరుతుంది. యూఎస్‌బీ అడాప్టర్ కొనేటప్పుడు సీరియల్ పోర్టుల ప్రమాణమైన ఆర్‌ఎస్-232 అసలు ఓల్టేజీలకు తట్టుకునేదే కొనండి. ఆర్డునో వంటి అభిరుచి సర్క్యూట్ బోర్డుల పనులకు వాడే 3.3 ఓల్టుల చిన్న బోర్డును ఇక్కడ పెడితే అది అప్పుడే పోతుంది.

రెండు యంత్రాలూ ఆపి ఉన్నప్పుడే కేబుల్ కలపండి. ల్యాప్‌టాప్‌లో పుటీ గాని మినీకామ్ గాని, అంటే సీరియల్ పోర్టు మాటలు చూపే టెర్మినల్ ప్రోగ్రామ్ ఒకటి తెరిచి వేగం 9600, డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ లేదు అని అమర్చండి. ఇప్పుడు స్పార్క్‌స్టేషన్ స్విచ్ వేసి ఓపికపట్టండి. మెమరీ పరీక్షకు కొంత సమయం పడుతుంది. నా ల్యాప్‌టాప్ తెర మీద యంత్రం పేరు, మెమరీ పరిమాణం ఒక్కొక్క అక్షరంగా వచ్చిన ఆ క్షణంలో రాత్రి పదకొండున్నర అయింది, ఇంట్లో అందరినీ లేపాను.

జ్ఞాపకం పోయిన చిప్పు

అక్షరాలు వచ్చి ఆగిపోయే యంత్రాలలో ఎక్కువ వాటి జబ్బు ఇదే. మదర్‌బోర్డు మీద సాకెట్టులో కూర్చున్న, మామూలు చిప్పుల కన్నా ఎత్తుగా ఉండే ఒక చిప్పు కనిపిస్తుంది. దాని పేరు ఎం48టీ08. గడియారం, అమరికలు, యంత్రపు గుర్తింపు, నెట్‌వర్క్ చిరునామా అన్నీ అందులోనే ఉంటాయి. వాటిని నిలబెట్టే లిథియం సెల్లు ఆ చిప్పు తలలోనే పోతపోసి ఉంటుంది. దాని ఆయుష్షు సుమారు పదేళ్లు. 1994 నాటి చిప్పు అయితే ఎప్పుడో ఖాళీ అయి ఉంటుంది.

దీని లక్షణాలు స్పష్టంగా ఉంటాయి. యంత్రపు గుర్తింపును దాచే ఐడీప్రామ్‌లోని వివరాలు చెల్లవని ఒక వాక్యం వస్తుంది. నెట్‌వర్క్ చిరునామా ఉండవలసిన చోట అన్నీ ఎఫ్ అక్షరాలే కనిపిస్తాయి. ఆ తర్వాత ఆర్ప్, రార్ప్ ప్యాకెట్ కోసం, అంటే నెట్‌వర్క్‌లో చిరునామా చెప్పే జవాబు కోసం, ఎదురుచూసి సమయం మించిపోయిందనే వాక్యం ఆగకుండా వస్తూనే ఉంటుంది. ఈ ఆఖరి వాక్యాన్ని చూసి డిస్కు పోయిందని చాలామంది పొరబడతారు. అమరికలు చెరిగిపోయి పరీక్షా స్విచ్ ఆన్ అయిన స్థితిలో యంత్రం డిస్కును వదిలేసి నెట్‌వర్క్ నుంచి లేవాలని చూస్తుంది, అంతే. డిస్కు జోలికి అది ఇంకా వెళ్లనే లేదు.

కీబోర్డు ఉంటే స్టాప్ మీటను, ఇంగ్లీషు ఏ అక్షరపు మీటను కలిపి నొక్కండి. సీరియల్ కేబుల్ మీద ఉంటే టెర్మినల్ ప్రోగ్రామ్ నుంచి బ్రేక్ సంకేతం పంపండి. మన ఆదేశం కోసం ఎదురుచూసే ఓకే అనే ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ఆదేశాలను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి. మొదట సెట్-డిఫాల్ట్స్ అని ఇవ్వండి. తర్వాత సెట్‌ఎన్వ్ అనే ఆదేశంతో పైన చెప్పిన పరీక్షా స్విచ్‌ను, అంటే డయాగ్-స్విచ్? అనే అమరికను, ఫాల్స్ చేయండి. పేరులోని ప్రశ్నార్థకాన్ని కూడా టైపు చేయాలి.

ఇక గుర్తింపును మళ్లీ రాయాలి. అది 16 బైట్ల చిన్న పట్టిక, స్థానాలు సున్నా నుంచి మొదలవుతాయి. సున్నా స్థానంలో 1 ఉండాలి, 1వ స్థానంలో యంత్రం రకం, 2 నుంచి 7 వరకు నెట్‌వర్క్ చిరునామా, 8 నుంచి 11 వరకు తయారీ తేదీ, 12 నుంచి 14 వరకు వరుస సంఖ్య, 15వ స్థానంలో సరిచూపు విలువ ఉంటాయి. సన్ యంత్రాల చిరునామా 08, 00, 20 అంకెలతో మొదలవుతుంది. మిగిలిన మూడు బైట్ల కోసం చిప్పు మీది బార్‌కోడ్ చీటీ చూడండి, చాలా యంత్రాలలో ఆ అంకెలు దాని మీదే ఉంటాయి. చిప్పును పీకే ముందే ఆ చీటీని ఫోటో తీసుకోండి.

రాసే ఆదేశం ఎంకేపీ. ఈ ప్రాంప్ట్ ఫోర్త్ అనే భాషలో నడుస్తుంది. ఆ భాషలో విలువలు ముందు, చేయవలసిన పని చివర వస్తాయి. తెలుగు వాక్యంలో క్రియ చివర వచ్చినట్లే కాబట్టి మనకు ఇది ఇబ్బందిగా అనిపించదు. "ఒకటిని సున్నాలో పెట్టు" అన్న వరుసలోనే 1 0 ఎంకేపీ అని ఇస్తాం. యంత్రం రకం సంఖ్యను మీరు వెతకనక్కరలేదు, రియల్-మెషీన్-టైప్ 1 ఎంకేపీ అంటే యంత్రమే తన సంఖ్యను తెచ్చి పెట్టుకుంటుంది. తర్వాత 8 2 ఎంకేపీ, 0 3 ఎంకేపీ, 20 4 ఎంకేపీ అని ఇచ్చి, మీ మూడు బైట్లను 5, 6, 7 స్థానాల్లో రాయండి. తేదీ స్థానాల్లో సున్నాలు పెట్టవచ్చు. అవే మూడు బైట్లను 12, 13, 14 స్థానాల్లో కూడా పెట్టడం అలవాటు. అయితే ఈ ప్రాంప్ట్ సంఖ్యలను పదహారు ఆధారంగా చదువుతుంది కాబట్టి 10ని ఏ అని, 11ను బీ అని, 12, 13, 14లను సీ, డీ, ఈ అని టైపు చేయాలి. చివరి సరిచూపు విలువ మొదటి 15 బైట్లను ఎక్సార్ చేస్తే, అంటే బిట్టుకు బిట్టు సరిపోల్చి కలిపితే, వస్తుంది. దానిని చేత్తో లెక్కవేయకుండా 0 ఎఫ్ 0 డూ ఐ ఐడీప్రామ్@ ఎక్సార్ లూప్ ఎఫ్ ఎంకేపీ అనే ఒక్క వరుసతో యంత్రం చేతనే వేయించవచ్చు. ఆ తర్వాత బ్యానర్ అని ఇస్తే చిరునామా సరిగా కనిపించాలి.

స్విచ్ ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ వేసినప్పుడు ఇవన్నీ చెరిగిపోయి ఉంటే సెల్లు పోయిందని ఖాయం. కొత్త చిప్పు కొనేవారు ఒక జాగ్రత్త పాటించాలి. పాత బోర్డుల నుంచి పీకి, తుడిచి కొత్తవిగా అమ్మేవి చాలా ఉన్నాయి. చిప్పు మీద సాధారణంగా నాలుగు అంకెల తేదీ ఉంటుంది, 9422 అంటే 1994లో 22వ వారం. అది పాతదైతే లోపలి సెల్లూ పాతదే. చిప్పు తలను గీకి సీఆర్2032 సెల్లును బయట అతికించే పద్ధతి కూడా ఉంది. ఆ పని చేసేవారు లోపలి పాత సెల్లు తీగను తప్పనిసరిగా తెంపాలి. లేకపోతే ఖాళీ అయిన పాత సెల్లు కొత్తదాన్ని కూడా తాగేస్తుంది. నా అభిప్రాయంలో మొదటిసారి చేసేవారు కొత్త చిప్పే తెప్పించుకోవడం మేలు. గీకేటప్పుడు బ్లేడు కొంచెం లోతుకు దిగితే చిప్పు మొత్తం పోతుంది.

సీరియల్ పోర్టు కూడా పలకకపోతే

అప్పుడు యంత్రాన్ని దాదాపు ఖాళీ చేయండి. అదనపు సౌకర్యాల కోసం పెట్టే ఎస్‌బస్ కార్డులన్నీ, డిస్కులు, బయటి పరికరాలు అన్నీ తీసేయండి. మెమరీ స్లాట్లు ఎనిమిది ఉంటాయి, వాటిలో మొదటి స్లాటులో ఒక్క మెమరీ కార్డును మాత్రమే ఉంచి చూడండి. పలకకపోతే ఆ కార్డును మార్చి మరొకటి పెట్టండి. అంచులను ఆల్కహాల్‌తో తడిపిన నూలుగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర పాత అలవాటే గాని, బంగారు పూత అరిగిపోతుంది, రబ్బరు తుక్కు స్లాటులోకి పోతుంది. ఇంత చేసినా మౌనంగానే ఉంటే, ఓల్టేజీలు సరిగా ఉన్నాయని మరోసారి కొలిచి చూసుకున్న తర్వాతే మదర్‌బోర్డును అనుమానించండి.

డిస్కు

డిస్కును ఆఖరున కలపండి. ముందుగా ఆటో-బూట్? అనే అమరికను ఫాల్స్ చేసి, రీసెట్ ఇచ్చి, ఆ తర్వాతే స్కజీ అనే పద్ధతిలో కలిపిన డిస్కులను వెతికే ప్రోబ్-స్కజీ ఆదేశం ఇవ్వండి. సగంలో ఆపిన బూట్ మీద ఆ ఆదేశం ఇస్తే యంత్రం బిగుసుకుపోవచ్చు. సాధారణంగా మొదటి డిస్కు 3వ టార్గెట్‌గా, సీడీ డ్రైవు 6వ టార్గెట్‌గా కనిపించాలి. డిస్కు తిరిగే శబ్దమే రాకపోతే లోపలి తల పళ్లేనికి అతుక్కుని ఉండవచ్చు. కరెంటు తీసి, డిస్కును బయటకు తెచ్చి, చేతిలో బల్లపరుపుగా పట్టుకుని మణికట్టుతో ఒక్కసారి చురుగ్గా తిప్పితే కొన్ని విడిపోతాయి. కొట్టవద్దు. విడిపోయి తిరిగితే మళ్లీ ఆపకుండా ఆ పూటే డిస్కు మొత్తాన్ని నకలు తీయండి, రేపు మళ్లీ తిరుగుతుందనే హామీ లేదు. అందులో ఎవరివో ముప్పై ఏళ్ల నాటి ప్రాజెక్టులు, ఉత్తరాలు ఉండవచ్చు. వాటిని భద్రపరచండి గాని బయట పెట్టకండి. నకలు చేతికి వచ్చాక రోజువారీ వాడుకకు, ఫోన్లలో కెమెరాల్లో వాడే రకం మెమరీ కార్డుతో పనిచేసే కొత్తరకం స్కజీ పరికరం పెట్టుకుని, పాత డిస్కుకు విశ్రాంతి ఇవ్వవచ్చు.

బూట్ పూర్తయి లాగిన్ వరుస వచ్చిన తర్వాత తేదీ, సమయం సరిచేయండి. ఎండాకాలంలో మధ్యాహ్నం గది వేడి 40 డిగ్రీలు దాటే రోజుల్లో నడపకుండా, తెల్లవారుజామున నడుపుకోండి. నెట్‌వర్క్ చిరునామా, చిప్పు మార్చిన తేదీ, కొలిచిన ఓల్టేజీలు ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి, పై మూత లోపలి వైపు అంటించండి.